వద్దంటే వద్దనే ల్యాప్‌టాప్

జూలై 12, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

మీ అక్క ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని నాన్న మనిద్దరికీ చెవి మెలిపెట్టి మరీ నేర్పాడు కాబట్టి రాశాను. అందులో మేమంతా క్షేమమన్న ముక్క అబద్ధం. దాన్ని వదిలేసి మిగతాది చదువు.

ఈ రోజుల్లో ఉత్తరమేంటి, ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేశాను కదా. పోయిన నెల ఫోన్‌లో నా మాట ముద్దగా వస్తోందని, ఏంటక్కా పొద్దున్నే బావ సీసాకి మూత తీశావా అని నవ్వావు. నేనూ నవ్వాను. నిన్ను తప్పుపట్టడం లేదు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు కూడా చాన్నాళ్ళు నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతున్నాననే అనుకున్నారు. నాకూ అదే అనిపించింది. ఒకరోజు సూదులన్నీ డబ్బాలోనే ఉన్నా మాట అలాగే వచ్చేసరికి భయమేసింది.

నరాల జబ్బట. పేరు పొడుగ్గా ఉంది, రాసినా నీకు ఒరిగేదేమీ లేదు. నయం చేసే మందు లేదు. ముందు మాట పోతుంది, తర్వాత చేతులు, ఆఖర్న ఊపిరి తీసుకునే కండరాలు. బుర్ర మాత్రం చివరిదాకా శుభ్రంగా పనిచేస్తుందని డాక్టరమ్మ శుభవార్త చెప్పినట్టు చెప్పింది. నీకు ఇన్నాళ్ళూ చెప్పనందుకు తిట్టుకో. చెప్పడానికి నోరు రాలేదు, రాయడానికి మనసు రాలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నాకొక ల్యాప్‌టాప్ కావాలి. పొద్దున లేస్తే వాటిని అమ్ముతూ, విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ బతికేవాడివి, నిన్ను కాక ఇంకెవర్నడుగుతాను? నీ కొట్టుకి వచ్చినవాళ్ళని నువ్వడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఏం పనికి, ఎంతలో, ఎన్నాళ్ళకి. వరసగా చెప్తాను విను.

పని ఒక్కటే. నాకు బదులు మాట్లాడాలి. నేను టైపు చేసింది పైకి చదవాలి, నా గొంతుతో ముందే రికార్డు చేసి పెట్టుకున్న మాటలు మీట నొక్కగానే పలకాలి. కాబట్టి స్పీకరు పెద్ద నోరున్నదై ఉండాలి. నేను పడకగదిలోంచి పిలిస్తే వంటింట్లో ఉన్న మీ బావకి వినపడాలి. మీటలు మెత్తగా, పెద్దగా ఉండాలి, ఎందుకంటే నా కుడి బొటనవేలు అప్పుడే కత్తెరతో పేచీ పెట్టుకుంది. బరువు ఎంతున్నా ఫరవాలేదు. అది ఎక్కడికీ వెళ్ళదు, నేనూ వెళ్ళను. కరెంటు పోయినప్పుడు నా మాట కూడా పోకూడదు కనక బ్యాటరీ గట్టిది కావాలి. చేతులు పూర్తిగా పడిపోయాక, తెర మీద అక్షరం వైపు కళ్ళతో చూస్తే చాలు టైపయ్యే పరికరం ఒకటుందట. దాన్ని తర్వాత తగిలించుకునే వీలుండాలి. దాని ధర విని మీ బావ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

ఎంతలో అంటావా, ఓవర్‌లాక్ మిషన్ అమ్మేశాను. అంచులు కుట్టే ఆ మిషనే ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టింది. దానికి ఎంత వచ్చిందో అంతలో కావాలి. కొన్నావిడ దాన్ని ఆటోలో ఎక్కిస్తుంటే లోపలికొచ్చేశాను. ఆ పూట నా మొహం చూసి ఇంట్లో ఎవరూ పలకరించే సాహసం చేయలేదు.

మొన్న ఇక్కడ ఒక కొట్టుకి ముగ్గురం వెళ్ళాం, నేనూ, మీ బావా, నీ మేనకోడలూ. అమ్మే అతను నన్ను వదిలేసి నీ మేనకోడల్ని అడిగాడు, గేమ్స్ ఆడతారా, వీడియోలు ఎడిట్ చేస్తారా అని. అమ్మ మాట్లాడ్డానికి అంది అది. ఓ, వీడియో కాల్స్‌కా అన్నాడు. కాదు, ఉత్త మాట్లాడ్డానికే అంది. పాపం అతనికి బుర్రకెక్కలేదు. అయినా కెమెరా అదిరిపోతుందని చెప్పి మెరుస్తున్న ఎర్రరంగుదొకటి ముందుకి తోశాడు. మీటలు గట్టిగా, కందిగింజలంత ఉన్నాయి. వద్దన్నాను. ముద్దగా వచ్చినా వద్దనే అన్నాను. నీ మేనకోడలు అతని వైపు తిరిగి, అమ్మకి నచ్చింది, ధర చూసి వెనకాడుతోంది అని తర్జుమా చేసింది.

తర్వాత అతను, ఎన్నేళ్ళు వాడదామనుకుంటున్నారు మేడమ్ అని అడిగాడు. ఇంకొంచెం కడితే గ్యారంటీ మూడేళ్ళకి పెంచుతామన్నాడు. నీ మేనకోడలు నీళ్ళు తాగొస్తానని బయటికెళ్ళిపోయింది. మీ బావ మాత్రం తొణక్కుండా, మూడేళ్ళకే ఇవ్వండి అన్నాడు. నాకు కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. నీ మూడో ప్రశ్నకి జవాబు అందుకే రాయలేకపోతున్నాను. డాక్టరమ్మ చెప్పినదాన్ని బట్టి అంత గ్యారంటీ అక్కర్లేదు.

తర్జుమా సంగతి చెప్పాను కదా, అందులో పిల్ల తప్పు లేదు. మనిళ్ళలో వద్దు అనే మాటకి విలువెప్పుడుంది? ఆడమనిషి వద్దంటే మొహమాటం, తల్లి వద్దంటే పొదుపు. మారు వడ్డించబోతే వద్దు వద్దంటూ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేదాన్ని, వేళ్ళ మధ్య సందు మాత్రం ఉంచేదాన్ని. పట్టుచీర వద్దన్నాను. కొన్నారు, కట్టుకుని మురిసిపోయాను. కూలర్ వద్దన్నాను. తెచ్చారు, వేసవంతా దాని ముందు నుంచి కదల్లేదు. నేను వద్దన్నవి తెచ్చిపెట్టడమే మావాళ్ళకి నా మీద ప్రేమ. వాళ్ళకి ఆ ప్రేమ తప్ప ఇంకో రకం తెలీదు.

ఇప్పుడు మింగడం కష్టమైంది. పోయిన వారం రాత్రి భోజనంలో చాలు, వద్దు అన్నాను. నిజంగానే అన్నాను. మీ బావ ఎప్పట్లాగే ఇంకొక్క ముద్ద అంటూ పెట్టాడు. అది గొంతుకి అడ్డం పడింది. నీ మేనకోడలు వీపు మీద చరుస్తుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ మనిషి గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు భోజనానికి కూర్చుంటే మళ్ళీ ఇంకొక్క ముద్ద అన్నాడు.

ఇక ఆస్పత్రి సంగతి. ఊపిరి ఆడని రోజు వచ్చినప్పుడు గొంతుకి రంధ్రం చేసి, గొట్టం పెట్టి, మిషన్‌తో ఊపిరి ఆడించాలా అని డాక్టరమ్మ ముందుగానే అడిగింది. పెడితే ఏళ్ళ తరబడి ఉండొచ్చట. కళ్ళు కదులుతూ, బుర్ర పనిచేస్తూ, చీమ కుట్టినా గోక్కోలేకుండా. కావాలనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళని నేనేమీ అనను. నేను మాత్రం చేతులతో బతికినదాన్ని. బాగా ఆలోచించుకునే వద్దన్నాను. నా మాట పూర్తయిందో లేదో మీ బావ అందుకున్నాడు. "ఆవిడ దేనికైనా ముందు అలాగే అంటుందండీ. తర్వాత ఒప్పుకుంటుంది" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, ఇంకా టైముంది లెండి అంది.

తమ్ముడూ, చావంటే నాకు భయమే. కానీ ఆ నవ్వు చూశాక దానికన్నా పెద్ద భయం పట్టుకుంది.

మీ బావ చెడ్డవాడు కాదు, నీకు తెలుసు. డ్రైవింగ్ నేర్పేవాళ్ళ కారులో పక్క సీటు కింద కూడా పెడల్స్ ఉంటాయి. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళకి డ్రైవింగ్ నేర్పుతూ వాటి మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా బండి తనే నడుపుతున్నాననుకోవడం ఆయనకి అలవాటైపోయింది.

అందుకే నా గొంతు మిగిలుండగానే మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాను. పొద్దున లేవగానే నాలుక కాస్త చెప్పినట్టు వింటుంది. కుట్టుగదిలో, బట్టల కట్టల మధ్య, నీ మేనకోడలు ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. నీళ్ళు. ఫ్యాన్ తగ్గించు. నన్ను పక్కకి తిప్పు. ఆ టీవీ కట్టేయండి, చెవుడా మీకు. అన్నీ బాగా వచ్చాయి, తిట్లయితే మరీనూ. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. తర్వాత వద్దు అని రికార్డు చేసి విన్నాను. అది కంచం మీద చెయ్యి పెట్టి అనే వద్దే. చివర అదే సాగదీత, అదే మొహమాటం. మళ్ళీ చేశాను. కసిరితే అలిగినట్టు వచ్చింది. నెమ్మదిగా అంటే ఇంకాస్త బతిమాలమన్నట్టు వచ్చింది. నీ మేనకోడలు విని, ఎంత బాగా వచ్చిందో, అచ్చం నువ్వేనమ్మా అని కళ్ళు తుడుచుకుంది. అచ్చం నేనే. అదే కదా నా ఖర్మ.

పోనీ మిషన్ గొంతుతోనే చెప్పిద్దామని ఆ కొట్లో సైగ చేసి అడిగాను. అతను టైపు చేసి వినిపించాడు. రైలు ఆలస్యంగా నడుస్తోందని చెప్పే ఆడగొంతు లాంటిది, వద్దు అంది. చక్కగా అంది. అలకా లేదు, బేరమూ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. మీ బావ నా భుజం మీద చెయ్యి వేసి, "అది మిషన్ అంటోంది, నువ్వు కాదుగా" అన్నాడు.

నా గొంతుతో అంటే నమ్మరు, మిషన్ గొంతుతో అంటే అది నేను కాదంటారు. ఇప్పుడు చెప్పు, ఇన్ని రకాలు అమ్ముతావు కదా, ఏది కొంటే నా వద్దు వద్దులాగే వినపడుతుంది? ధర ఎక్కువైనా అలాంటిదొకటి ఉంటే రాయి, మిగిలిన కుట్టుమిషన్ కూడా అమ్మేస్తాను.

మరదల్ని అడిగానని చెప్పు. పెద్దదాని స్కూలు గౌనుకి కొలతలు పంపుతానంది, ఇక పంపొద్దను. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ అక్క

తా.క. నిజం ఇక్కడ రాస్తున్నాను. మొన్న ఆ కొట్లోంచి ఉత్త చేతులతో రాలేదు. ఎర్రది పక్కన పెట్టించి, నేను వేలితో చూపించిన నల్లది, పెద్ద మీటలది కొనే వచ్చాం. నా పనికీ, నా డబ్బుకీ సరిపోయింది. నాకు నీ సలహా అక్కర్లేదు. ల్యాప్‌టాప్ అంటే ఆఖరి అక్షరందాకా చదువుతావని, తిన్నగా అడిగే ధైర్యం లేక అలా మొదలుపెట్టాను.

నిన్న నేనొక్కదాన్నే ఆస్పత్రికి వెళ్ళాను. కాగితం మీద రాసి చూపించి మాట్లాడాను. ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు. నాకు మాట పోయాక నా తరఫున చెప్పే మనిషి ఎవరో ఒకరి పేరు ఇవ్వమంది. మీ బావ పేరు ఇవ్వలేదు, నీ మేనకోడలి పేరూ ఇవ్వలేదు. నీ పేరు ఇచ్చాను. నువ్వేదో తెలివైనవాడివని కాదు. చుట్టాల్లో నీకున్న చెడ్డపేరు చూసి ఇచ్చాను. వాడింటికి భోజనానికి వెళ్ళి పొరపాటున చాలు అన్నామా, గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాడు, బతిమాలడం పుట్టుకతోనే రాదు వాడికి అని అందరూ నవ్వుకుంటారు, నీకు తెలీదు. మొన్నమొన్నటిదాకా నేనూ నవ్వాను. మీ కొత్తింట్లో ఒకసారి సగం కడుపుతో లేచి, ఆటోలో మీ బావ ముందు నిన్ను తిట్టుకున్నాను కూడా.

ఊపిరి ఆడని ఆ రోజు నీకు కబురొస్తుంది. మీ బావ ఏడుస్తాడు. నీ మేనకోడలు నీ కాళ్ళు పట్టుకుంటుంది. వాళ్ళని ఏమీ అనకు. నువ్వు మంచం దగ్గరికి రా. వేలుంటే మీట నొక్కుతాను, లేకపోతే కళ్ళతో చూస్తాను. ఏ గొంతు పలికినా ఆ మాట నాదే.

నన్ను ఒక్కసారే అడుగు.