లోపల ఎవరుంటున్నారు?

అక్కా,

ఫీజు ఎప్పుడూ రాతలోనే చెబుతాం, అందుకే ఈ ఉత్తరం. కోపం కూడా ఉంది, దాచను. చాన్నాళ్లకి ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా "మా ఇంటికి విలువ కట్టాలే, నువ్వే రావాలి" అన్నావు. చెల్లెలు కదా, ఊరికే చేసిపెడుతుందనుకున్నావేమో. మనసు చివుక్కుమంది.

మేం ఇల్లు చూడకముందే ఫీజు చెప్పేస్తాం. ధరలో ఇంత భాగమని అడగం. అలా అడిగితే ధర పెంచినకొద్దీ మా జేబు నిండుతుంది, ఇక మా మాట ఎవరు నమ్ముతారు? ఎంత పని ఉంటే అంత ఫీజు. ఎంత దూరం, ఎన్ని గదులు, తర్వాత ఏమైనా కలిపి కట్టారా, చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఈమధ్య అమ్ముడయ్యాయా, లోపల ఎవరుంటున్నారు. అద్దెవాళ్లుంటే తలుపు తీయించడానికే నాలుగుసార్లు తిరగాలి. ఇవన్నీ నిన్నూ అడిగాను. లోపల ఎవరుంటున్నారంటే "నేనొక్కదాన్నే" అన్నావు. "అయితే తేలికే" అన్నాను. ఆ మేరకు ఫీజు తగ్గించాను, ఎంతో వేరే కాగితంమీద రాసి ఇందులోనే పెట్టాను.

కానీ నేను రాను. సొంతవాళ్ల ఇంటికి మేం విలువ కట్టకూడదు. మా ఆఫీసు పెద్దాయన వస్తాడు. మొహమాటం లేని మనిషి, టీ ఇచ్చినా తాగడు. బావగారిని అడిగానని చెప్పు.

చెల్లి

ఒసే టేపూ,

చిన్నప్పుడు పలకా పెన్సిలూ కూడా కొలిచేదానివని నీకా పేరు పెట్టింది నేనే. ఇప్పుడూ ఏం మారలేదు.

మీ పెద్దాయన వచ్చాడు. నిజంగానే టీ తాగలేదు. ఇంట్లో ఇంకెవరుంటారని అడిగితే ఎవరూ లేరన్నాను. రాసుకోవడం ఆపి "ఎప్పట్నించమ్మా?" అన్నాడు. ఆ మాట నువ్వు అడుగుతావనుకున్నాను.

మీ బావ వెళ్లిపోయాడు. ఇల్లు అమ్మి తన సగం ఇమ్మంటున్నాడు. అది చెప్పడానికే ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇంటి విలువ సంగతి ఎత్తాను. నువ్వు గబగబా ప్రశ్నలేశావు, నేను పరీక్షకు కూర్చున్నట్టు జవాబులు చెప్పాను. "అయితే తేలికే" అన్నావు చూడు, ఫోన్ పెట్టేశాక ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నువ్వే రావాలన్నది ఇల్లు కొలవడానికి కాదే.

ఫీజు ఇచ్చేశాను. నీ తగ్గింపు నాకొద్దు, పూర్తిగానే ఇచ్చాను.

అక్క

అక్కా,

పెద్దాయన కాగితాలు నా బల్లమీద పెట్టి, "ఇల్లు బాగానే ఉంది. నువ్వెళ్లు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నీ ఉత్తరం ఆ సాయంత్రమే అందింది.

రేపు పొద్దున బయల్దేరుతున్నాను. ఎన్నాళ్లుంటానో ముందే చెప్పలేను, ఈ ఒక్కసారికి చూశాకే చెబుతాను. టీ మాత్రం తాగుతాను.

రాగానే అడుగుతాను, ఎప్పట్నించని. మొదట్నించీ చెప్పు.

టేపు