ఎదుటి డాబా మీది చెయ్యి

మార్చి 4
కొత్త కెమెరా వచ్చింది. అరవై మెగాపిక్సెళ్లు. కేటలాగుల కోసం తాళాలు, గొళ్లేలు, మరమేకులు ఫొటోలు తీసి బతికేవాడికి ఇంతది ఎందుకని ఎవరూ అడగలేదు. అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మార్చి 5, ఉదయం
టెస్ట్ కోసం డాబా ఎక్కి దూరంగా ఉన్న ఇళ్లను తీశాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, రైలు పట్టాల అవతల ఒక డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఎవరో ఉన్నారు. ఉత్త కళ్లకు కనిపించనే లేదు. చెయ్యి పైకెత్తి ఉంది.
నాకేనా?
ఇంకా జూమ్ చేశాను. మనిషి ఆకారం గళ్లు గళ్లుగా విడిపోయింది.

మార్చి 6
ఈ రోజూ ఆ ఆకారం ఉంది. చెయ్యి ఎత్తే ఉంది.

మార్చి 9
ట్రైపాడ్ పెట్టాను. టైమర్ పెట్టాను. ఊపిరి కూడా బిగబట్టాను. షార్ప్‌గా రావాలని లెన్సు కంతను, అదే అపర్చర్ను, ఎఫ్ 22 దాకా చిన్నది చేశాను. ఇంకా అలుక్కుపోయింది. మరీ చిన్న కంతలోంచి దూరితే వెలుతురు చెదురుతుందని ఇన్నేళ్లుగా తెలిసిన సంగతే. ఆశ పుట్టగానే తెలిసిందంతా గాలికి పోయింది.

మార్చి 11
లెన్సులు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. ఊరందరికీ ఆయన బాబాయే. ఫొటో చూసి నవ్వాడు. లెన్సు ఇచ్చిందే కదరా సెన్సర్ తీసుకునేది, పైగా మధ్యలో ఎండకి గాలి ఉడుకుతోంది, వంద మెగాపిక్సెళ్లు పెట్టినా ఆ మసకే ఇంకాస్త పెద్దగా వస్తుంది అన్నాడు. ఇంతకీ ఎవర్రా ఆవిడ అన్నాడు. ఆవిడో ఆయనో కూడా తెలీదన్నాను. జాలిగా చూసి టీ చెప్పాడు.

మార్చి 15, ఆదివారం
అక్క ఫోన్. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకురా, నడిచి వెళ్లి చూడొచ్చుగా అంది.
వెళ్తే తెలిసిపోతుంది. అది బట్టలారేస్తున్న చెయ్యి అయితే? ఈ మధ్య పొద్దున్నే లేవడానికి నాకో కారణం ఉంది. అది పోతుందని భయం.

మార్చి 16
ఆ డాబా ఖాళీ.

మార్చి 18
ఖాళీ. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

మార్చి 19, సాయంత్రం
వెళ్లాను. పట్టాలు దాటి, వీధులన్నీ తిరిగి, ట్యాంకును బట్టి ఇల్లు పోల్చుకున్నాను. తలుపు తీసింది ఒక పెద్దావిడ. నల్ల కళ్లద్దాలు. ఒంటరిగా ఉంటోంది. కంటికి ఆపరేషన్ అయిందట, సోమవారం దాకా మెట్లు ఎక్కొద్దన్నారట.
సిగ్గు విడిచి అడిగేశాను, చెయ్యి ఊపింది నాకేనా అని. నువ్వెవరో నాకేం తెలుసు నాయనా, నా కళ్లకి పట్టాలే ఆనవు, అటువైపు ఎవరైనా ఉంటారేమోనని ఊపుతుంటాను అంది.
నాకు ఏడుపొచ్చింది. నేనున్నానండీ అని మాత్రం అనగలిగాను. అయితే ఎర్ర చొక్కా వేసుకో, ఎరుపైతే ఆనుతుందేమో చూద్దాం అంది.

మార్చి 20
ఎర్ర చొక్కా కొన్నాను.

మార్చి 23, సోమవారం
కెమెరా గదిలోనే వదిలేసి, ఎర్ర చొక్కా వేసుకుని డాబా ఎక్కాను. ఉత్త కళ్లకు ట్యాంకు తప్ప ఏమీ ఆనలేదు. అయినా చాలాసేపు చెయ్యి ఊపాను.
కింద వీధిలో పాలాయన తనకే అనుకుని తిరిగి ఊపాడు.