నోరు ఊదు

ప్రియమైన శ్రీవారికి,

"ప్రియమైన" అని అలవాటు కొద్దీ రాశాను, పొంగిపోకండి. ఫోన్ చేస్తే మీ గొంతు వినాలి, అది నావల్ల కాదు. మీకు లివర్ చెడిందని మరిది చెప్పాడు. తాగుడు మానేశానని ఒట్టేసిన మనిషికి లివర్ ఎందుకు చెడుతుంది? రోజూ సాయంత్రం "నోరు ఊదండి" అంటూ మీ మొహం దగ్గర ముక్కు పెట్టీ పెట్టీ నామీద నాకే రోత పుట్టింది. అందుకే ఈ ఊరి బడికి బదిలీ చేయించుకుని వచ్చేశాను. నేను గడప దాటగానే మళ్ళీ సీసా ఎత్తారన్నమాట. ఛీ! ఇక ఆ ఇంటికి రాను.

మీ టీచరు

ప్రియమైన టీచరమ్మకు,

మూడేళ్ళుగా చుక్క ముట్టలేదు. బస్సెక్కే ముందు డిపోలో మిషన్‌లోనూ ఊదుతున్నాను, తాగితే స్టీరింగ్ పట్టుకోనిస్తారా? అయినా రక్తపరీక్ష రిపోర్టు చూడగానే డిపో డాక్టరు "ఎంత తాగుతావేంటి?" అన్నాడు. తాగనంటే నర్సు వైపు చూసి నవ్వాడు. బస్సు ఇవ్వకుండా కూర్చోబెట్టారు. క్యాంటీన్‌లోకి వెళ్తే "లివరు గారొచ్చారు, జరగండ్రా" అంటున్నారు. సాయంత్రమైతే జ్వరం. తిండి చూస్తే వెగటు. చొక్కాలన్నీ వదులైపోయాయి.

నీ డ్రైవరు

శ్రీవారికి,

ఈసారి ప్రియమైన కూడా లేదు. తాగేవాళ్ళందరూ తాగలేదనే చెబుతారు. మీరు చెప్పేది నిజమైతే పెద్దాసుపత్రిలో చూపించుకుని, ఆ డాక్టరు చేత రాయించి పంపండి. అప్పుడు నమ్ముతాను, అప్పుడే వస్తాను.

టీచరు

ప్రియమైన టీచరమ్మకు,

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎంత తాగుతావని అడగలేదు. "మూత్రం ఎలా వస్తోంది?" అంది. అప్పుడప్పుడు ఎర్రగా వచ్చేది, ఒంట్లో వేడి అనుకుని ఊరుకున్నాను. నీతో చెబితే అదీ తాగుడు వల్లే అనేదానివి.

స్కాన్ తీశారు. లివర్‌లో గడ్డ లేదు, ఏమీ లేదు. ఎడమ కిడ్నీలో ఉంది, క్యాన్సర్. "గడ్డ లివర్ దాకా పాకక్కర్లేదయ్యా. కిడ్నీలో కూర్చునే అది వదిలే పదార్థాలతో లివర్‌ని చెడగొట్టగలదు. కిడ్నీ తీశాక లివర్ దానంతటదే కుదుటపడితే నా అనుమానం నిజమే" అంది డాక్టరమ్మ. తీసేశారు. రెండు నెలలు తిరగకముందే లివర్ పరీక్ష మామూలుగా వచ్చింది. గడ్డ ఎక్కడికీ పాకలేదట. బస్సు కూడా మళ్ళీ ఇస్తామన్నారు.

ఆపరేషన్ కాగితం మీద సంతకం తమ్ముడు పెట్టాడు. వదినకి చెబుతానంటే నేనే వద్దన్నాను. మూడేళ్ళలో నాకెక్కిన మత్తు ఆ ఆపరేషన్‌దొక్కటే. అది దిగి కళ్ళు తెరిచేసరికి నర్సు మొహం మీదికి వంగి "గట్టిగా ఊదండి" అంది. ఊపిరితిత్తుల కోసమట. నాకు మాత్రం నువ్వే గుర్తొచ్చి ఒళ్ళంతా రోత పుట్టింది.

డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. అది నా దగ్గరే ఉంది, నీకు పంపడం లేదు. కాగితం చూసి వచ్చే మనిషి నాకు వద్దు. నా మాట మీద వస్తానంటే రా, తలుపు తీస్తాను.

నీ డ్రైవరు