ఆమోస్ మోకాలు

లాంకషైర్ జిల్లా బ్రాక్లఫ్ పట్టణం, మిల్ లేన్‌లో బీరు దుకాణం నడుపుకుంటూ, అంతకుముందు పన్నెండేళ్లు బ్రాక్లఫ్ రేంజర్స్ జట్టుకు జీతం మీద ఫుట్‌బాల్ ఆడిన ఈనాక్ కెన్యన్ అనే నేను, నా యాభై ఏడో ఏట రాయిస్తున్న వీలునామా ఇది. నా కడుపులో గడ్డ ఉంది. ఈస్టర్ పండగ చూడనని డాక్టరు చెప్పాడు. గడ్డ కడుపులోనే ఉంది, తలలో లేదు. నా బుద్ధి స్థిరంగా ఉంది. ఎవరి ప్రోద్బలమూ లేదు. పొద్దుటినుంచి బీరు చుక్క ముట్టలేదు. ఇదివరకు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత వకీలు జోసయా బైవాటర్‌ది. నన్ను పూడ్చిన తర్వాత వచ్చే మొదటి శనివారం, ఆట ముగిసి నా దుకాణం జనంతో నిండినప్పుడు, ఆయన బల్ల మీద నిలబడి దీన్ని గట్టిగా చదవాలి. మర్యాదగా లేదని ఒక్క ముక్క కూడా మింగకూడదు.

2. టాబితా ఎంట్విజిల్‌కు నా గోడ గడియారం, ఈకల పరుపు, ఇత్తడి కెటిలు ఇస్తున్నాను. పదకొండేళ్లు ఆమె మా జట్టు చొక్కాలు ఉతికింది. చన్నీళ్లలో ఉప్పు వేసి రక్తపు మరకలు వదిలించేది. ఒక సోమవారం తొట్టి మీదనుంచి తలెత్తి, "ఇందులో నీ రక్తం ఏదో ఎదుటోడిది ఏదో నాకు తెలిసిపోతుంది ఈనాక్. నీదెప్పుడూ తక్కువే" అంది. ఆ మాటకు కోపం వచ్చి ఆమెను పెళ్లాడలేదు. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అదొకటి.

3. మా క్లబ్బు చైర్మన్, నూలు మిల్లు యజమాని సిలాస్ క్రాషా చనిపోయాడు కాబట్టి, అతని కొడుక్కి నా రేకు డబ్బాలో ఉన్న రెండు ముందు పళ్లు ఇస్తున్నాను. 1886లో ఎవడిదో మోచెయ్యి తగిలి ఊడాయి. నోట్లో గుడ్డ కుక్కుకుని మైదానం గీత బయట కూర్చుంటే క్రాషా వచ్చి, "పళ్లతో తన్నుతావా ఏంటి? లే, పోయి ఆడు" అన్నాడు. పోయి ఆడాను.

4. నా బూట్లు ఎవరికీ ఇవ్వడం లేదు. వాటిని కమ్మరి కొలిమిలో వేయించాలి. ఆటకు ముందు రిఫరీ మా బూట్ల అడుగున చెయ్యి పెట్టి మేకులు ఉన్నాయేమో తడిమేవాడు. ఆయన అటు తిరగగానే నేను ఎడమ మడమకు ఇనుప పట్టీ బిగించుకునేవాణ్ని. ఆ పట్టీ ఇంకా దానికే ఉంది.

5. ఇక అసలు సంగతి. 1888 జనవరి 28, శనివారం. కప్పు పోటీ, మా మైదానంలో, కొండ అవతలి వార్డెన్‌షా జట్టుతో. వాళ్ల తరఫున మైదానం అంచు వెంట పరుగెత్తుతూ ఆడేవాడు నా తమ్ముడు ఆమోస్.

ఆమోస్ నాకంటే ఏడేళ్లు చిన్న. రాళ్ల గనిలో నాన్న పోయాక వాణ్ని సాకింది నేను, బంతి తన్నడం నేర్పింది నేను. పరుగులో వాణ్ని పట్టుకునేవాడు రెండూళ్లలోనూ లేడు. అంతకుముందు వేసవిలో వార్డెన్‌షా వాళ్లు జీతం ఎక్కువ ఇస్తామంటే అటు వెళ్లిపోయాడు. ఆ రోజు వాణ్ని ఆపాల్సిన మనిషిని నేను. అరగంటలో మూడుసార్లు నన్ను దాటిపోయాడు. మూడోసారి దాటుతూ, "అన్నా, నువ్వు గేటు దగ్గర కూర్చుని టికెట్లు చింపుకోరాదూ!" అన్నాడు. మా ఊరి జనమే పగలబడి నవ్వారు.

విరామంలో క్రాషా నా పక్కకు వచ్చి, "వాడు నీ తమ్ముడని నాకు తెలుసు. నీ కాలికి తెలియక్కర్లేదు" అన్నాడు. ఆయన చెప్పబట్టే కొట్టానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. జనం నవ్వారు, అందుకు కొట్టాను.

చీలమండల దాకా బురద. బంతి ఆమోస్ కాళ్ల దగ్గరికి వచ్చింది. నేనూ, మా జట్టుకు స్కాట్లాండు నుంచి తెచ్చుకున్న లాక్లన్ గౌ అనే ఆటగాడూ ఒకేసారి వాడి మీద పడ్డాం. గౌ బంతి కోసం పడ్డాడు. నేను మోకాలి కోసం పడ్డాను. ఎడమ మడమ పైకెత్తి నిలువునా దించాను. ఆ చప్పుడు గోలు వెనక నిలబడ్డవాళ్లకు కూడా వినబడింది. చిప్ప మూడు ముక్కలైంది. ఎముక మేజోడు చీల్చుకుని బయటికొచ్చింది.

ఆమోస్ కళ్లు తెరిచేసరికి నేను లేచి నిలబడ్డాను. వాడి మీద కనబడింది గౌ ముఖం. "ఎవడ్రా?" అన్నాడు ఆమోస్. నేను గౌ మెడపట్టుకుని పైకి లాగి, మైదానమంతా వినేలా, "ఎంత పని చేశావురా గౌ! వాడు నా తమ్ముడురా!" అని అరిచాను. గౌ నోరు విప్పేలోగా ఆ నోటి మీద గుద్దాను.

ఆ సాయంత్రం రైల్వే స్టేషన్లో రెండూళ్ల జనమూ గౌని పట్టుకున్నారు. చెక్కబూట్లతో తన్నారు. పక్కటెముకలు విరిగాయి. ఎడమ కన్ను ఆ ప్లాట్‌ఫారం మీదే పోయింది. నేను ప్రయాణికుల గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. గౌ నన్ను చూశాడు. "ఈనాక్, చెప్పు!" అన్నాడు. నేను కిటికీ తెర లాగాను.

తర్వాత గౌ, కొట్టింది తాను కాదు నేనని, క్లబ్బుకు ఉత్తరాలు రాశాడు. పొరుగు దేశంనుంచి కూలికి వచ్చినవాడి మాట ఎవరు నమ్ముతారు? నన్ను జట్టు కెప్టెన్ని చేశారు.

6. మిల్ లేన్‌లో నాకున్న రెండు ఇళ్లలో తూర్పు వైపుది లాక్లన్ గౌకు సర్వహక్కులతో ఇస్తున్నాను. కన్నుకు ఇల్లు సరిపోదని నాకు తెలుసు.

7. పడమటి ఇల్లు, బీరు దుకాణంలోని సామానంతా, ఇంకా పై అంశాల్లో చేరని, లేదా చెల్లని ఆస్తి ఏదైనా, నా తమ్ముడు ఆమోస్ కెన్యన్‌కు చెందాలి. ఆ రోజునుంచి వాడి కాలు వంగలేదు. పాతికేళ్లుగా నా ఇంట్లో ఉంటున్నాడు, నా బల్ల దగ్గర తింటున్నాడు. ప్రతి శనివారం దుకాణంలో కూర్చుని గౌ తన కాలు ఎలా విరిచాడో కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతాడు. చివర్లో, "మా అన్న లేకపోతే వీధిన పడేవాణ్ని" అంటాడు. నేను గ్లాసులు తుడుస్తూ వింటాను.

8. ఇంతవరకు గత మంగళవారం రాయించాను. ఇక్కడినుంచి ఈ రోజు చేర్చినది.

నేను రమ్మని ఉత్తరం రాస్తే ఈ ఉదయం గౌ మేడ మీద నా పడకగదికి వచ్చాడు. స్కాట్లాండులో క్లైడ్ నది ఒడ్డున ఓడల కార్ఖానాలో కాపలా ఉంటున్నాడట. వకీలు పై అంశాలన్నీ చదివి వినిపించాడు. గౌ టోపీ కూడా తీయకుండా విన్నాడు. అంతా అయ్యాక, "ఇది నువ్వు చచ్చాక చదువుతారా? మరి ఆమోస్ ఎవర్ని కొట్టాలి?" అని అడిగాడు. "కిందే ఉన్నాడుగా. పిలువు" అన్నాడు.

పిలిచాను. ఆమోస్ ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చాడు. గౌని చూసి చేతికర్ర పైకెత్తాడు. "వాణ్ని కాదురా. నీ కాలు విరగ్గొట్టింది నేను" అన్నాను.

ఆమోస్ కర్ర దించాడు. గౌ వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

"ఆ మాట అప్పుడే అడగాల్సింది" అన్నాడు గౌ.

నా తమ్ముడు నన్ను కర్రతో కొట్టాడు. మొదటి దెబ్బకు అడ్డం పెట్టిన కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. రెండోది భుజం మీద. మూడోది దవడకు తగిలి, కర్ర మంచం పట్టె మీద రెండు ముక్కలైంది. వకీలు పోలీసుల్ని పిలవబోతే వద్దన్నాను. ఈ దెబ్బల తర్వాత కూడా నా బుద్ధి స్థిరంగానే ఉందని ప్రకటిస్తున్నాను. ఈ దెబ్బల్ని వీలునామా కోసం చేసిన బలవంతంగా ఎవరూ ఎంచకూడదు. నా తమ్ముడి మీద ఏ కేసూ పెట్టకూడదు. పై అంశాల్లో ఒక్క అక్షరం మార్చడం లేదు.

9. సాక్షి సంతకం తానే పెడతానని గౌ అన్నాడు. సాక్షిగా సంతకం చేసినవాడికి వీలునామాలో రాసింది చెల్లదని, తూర్పు ఇల్లు చేజారి, ఏడో అంశం ప్రకారం అదీ ఆమోస్‌కే పోతుందని వకీలు హెచ్చరించాడు.

"తెలిసే అంటున్నాను. ఆ ఇల్లు నాకొద్దు. నేను చెప్పింది నిజమని రాసిన కాగితం మీద నా పేరుంటే చాలు" అన్నాడు గౌ.

కర్ర విరిగిపోవడంతో ఆమోస్ మెట్లు దిగలేక గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. గౌ వెళ్లి వాడి చంక కింద భుజం పెట్టాడు. ఆమోస్ ఆ భుజాన్ని ఒకసారి తోసేశాడు. రెండోసారి తోయలేదు. ఇద్దరూ దిగారు. గౌ తిరిగి పైకి రావడానికి గంట పైనే పట్టింది. కింద ఏం మాట్లాడుకున్నారని అడిగాను. నాకు చెప్పలేదు.

పై సంగతులన్నీ నా ఇష్టపూర్వకంగా చెప్పి రాయించి, చదివించుకుని విని, కుడిచెయ్యి పనిచేయనందువల్ల ఎడమచేత్తో సంతకం చేశాను.

బ్రాక్లఫ్, 1913 నవంబరు 24, సోమవారం.

(సంతకం) ఈనాక్ కెన్యన్

అతడు మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:

1. వాల్టర్ నట్టర్, వకీలు గారి గుమాస్తా
2. లాక్లన్ గౌ