నాన్న పంపాడని చెప్పాను

తమ్ముడూ పాండెలిస్,

ఈ ఉత్తరం తెచ్చే పడవలో నేను ఉండను. కంగారుపడకు. పర్యాటకులతో కలిసి ఒక్కపూట ఇద్రా దీవి చూసొస్తానని నాన్నతో చెప్పి బయల్దేరాను గదా, నిజానికి చెల్లెల్ని చూడ్డానికే వచ్చాను.

రేవులో దిగగానే ఆర్గిరిస్ కనిపించాడు. నాన్న "గాడిదలు తోలేవాడు" అని ఈసడించే ఆ అల్లుడే. కంచరగాడిద మీదికి ఎవరిదో పెట్టె ఎక్కిస్తున్నవాడల్లా నన్ను చూసి ఆగిపోయాడు. "వదినా, ముందు ఇంటికి పదండి. ఆంథూలా తిండి మానేసింది" అన్నాడు.

దానికి ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడట. నన్ను చూసి ఎలా ఉన్నావనైనా అడగలేదు.

"నాన్న పంపాడా?" అంది.

అవునన్నాను. ఏం చెయ్యను, ఆ మొహం చూసి కాదనలేకపోయాను. అప్పుడు లేచి కూర్చుని చేపల చారు తాగింది. అంతటితో ఆగిందా, "మరి తనెప్పుడొస్తాడు?" అంది. రేపు పొద్దున్నే అనేశాను.

ఇక దీన్ని వదిలి ఎలా పడవెక్కను? ఈ కాగితం పడవ నడిపే సరంగుకి ఇవ్వాలని ఆర్గిరిస్ గుమ్మంలో తొందరపడుతున్నాడు. నాన్నకి ఏదీ దాచకుండా చెప్పు. తిట్టేదుంటే నన్ను తిట్టమను, ఇక్కడికొచ్చి తిట్టమను.

నాన్న ఇప్పటికీ కాఫీలో చక్కెర వేసుకోడా అని లోపల్నుంచి అడుగుతోంది. వేసుకోడన్నాను. ఎలాగైనా తీసుకురా.

మీ అక్క