చివరి కోత రోజు కోడి

రీట్‌క్లూఫ్ తోట,
బారిడేల్ దారి.
శనివారం, 14 డిసెంబరు 1996.

డ్రీనా వదినకు,

లేనా రాస్తున్నది. మీరు, అన్నయ్య క్షేమమని తలుస్తాను. అన్నయ్య మోకాలి వాపు తగ్గిందా? మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. మిగతా సంగతులు బాగా లేవు. స్టవ్ మీద ఏదైనా ఉంటే దించి, కూర్చుని చదవండి.

సోమవారం నుంచి ఉత్తరపు గాలి వేడిగా కొట్టింది. చెట్ల మీద మిగిలిన ఆప్రికాట్లు ఒక్కసారిగా మెత్తబడ్డాయి. డబ్బాల ఫ్యాక్టరీ వాళ్లు మెత్తటి పండు తీసుకోరు కదా, అదంతా ఎండబెట్టడానికే వచ్చింది. బుధవారం పొద్దున్న ఆరింటికి షెడ్డులో కూర్చున్నాం, లేచేసరికి సాయంత్రం ఐదున్నర. పండును రెండు బద్దలు చెయ్యడం, గింజ తీయడం, కోసిన వైపు పైకి పెట్టి చెక్క పళ్లేల్లో పేర్చడం. నా బొటనవేలు రసానికి పగిలి మండుతూనే ఉంది. మధ్యాహ్నం దాటాక గాలి ఆగి మబ్బు పట్టింది. నాలుగు చినుకులు కూడా పడ్డాయి. డిసెంబరులో చినుకు పడడం నేను ఇంతకు ముందు చూడలేదు.

అది ఆఖరి రోజు. రివాజు ప్రకారం తలా ఒక గిన్నెడు మంచి పండు ఇంటికి తెచ్చుకున్నాం. నా పక్కన కూర్చునే కాట్రీన్ సంగతి మీకు తెలుసు, నోరు ఊరుకోదు. నేను గట్టి పండు ఏరుకోవడం చూసి, "మీ ఆయన గంధకం పొగ మీదే బతికే మనిషి, ఆ కోడి ఆయనకెందుకే, మాకు పెట్టు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ వారంలో నవ్వడం అదే ఆఖరు.

అత్తమ్మ ఉన్నప్పటి నుంచి చివరి కోత రోజు మనింట్లో కోడి, ఆప్రికాట్లు. ఏ వారమైనా సరే, ఆదివారం దాకా ఆగేది లేదు. అత్తమ్మ చేసేది, ఆమె తరువాత మీరు చేశారు, మీరు వూస్టర్ వెళ్లాక నేను చేస్తున్నాను. పడుచు పుంజును మధ్యాహ్నం భోజనం గంటలో కోసి ఉప్పు పట్టించి పెట్టాను. సాయంత్రం మీరు చెప్పినట్టే ఇనుప పెనం పొగ వచ్చేదాకా కాల్చి, ముక్కలు తోలు వైపు కిందికి వేసి, కదపకుండా వదిలేశాను. తోలు ఎర్రగా వేగాక తిప్పి, ఉడికాక తీసి, కొవ్వు వంచేసి, ఉల్లిపాయ వేసి, పండు బద్దలు కోసిన వైపు పెనానికి ఆనించాను. అవి అంచులు రంగు మారగానే తీసేశాను, లేకపోతే జావ అవుతాయి. ఆ తరువాత వెనిగర్, అరకప్పు తీపి వైన్. పెనం అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకుతూ రసం దగ్గర పడేదాకా నిలబడ్డాను. వెనిగర్ మీరు పోసే దానికి రెండింతలు పోశాను. మీరు ఉంటే తిట్టేవారు.

మీ తమ్ముడు ఫ్లోర్స్ ఆరింటికి పళ్లేల బండ్లన్నీ గంధకం గదిలోకి తోసి, పండు రంగు నిలిపే పొగ కోసం గంధకం అంటించి, తలుపు సందులు మట్టితో మెత్తి, ఆరున్నరకి చేతులు కడుక్కోవడానికి ఇంటికి వచ్చాడు. గుమ్మంలో ఆగి, "అమ్మ వంట వాసన నీళ్ల పంపు దాకా కొడుతోంది" అన్నాడు. ఏటా అదే మాట అంటాడు. కాసేపు కూర్చుని మళ్లీ గది దగ్గరికి వెళ్లాడు.

రోజూ ఎనిమిదింటికి నేను గది దగ్గరికి కాఫీ పట్టుకెళ్తాను. ఆ రోజు పెనం వదిలి వెళ్లలేకపోయాను. ఆ రసం సంగతి మీకు తెలుసు, అటు తిరిగి ఇటు చూసేలోగా మాడుతుంది. ఎనిమిదిన్నరకి ఆయనే వచ్చి తిన్నాడు. మూడు ముక్కలు తిన్నాడు. పెనంలో మిగిలిన రసం రొట్టెతో తుడుచుకుని తిని, దుప్పటి తీసుకుని మళ్లీ గది దగ్గరికి వెళ్లాడు.

అక్కడ కునుకు పట్టింది, వదినా. కాఫీ లేదు, కడుపు నిండా తిన్నాడు, పన్నెండు రోజులుగా సరైన నిద్ర లేదు. తడి వల్లనో ఏమో, గంధకం సగం కూడా కాలకుండా ఆరిపోయింది. ఆయన చూసుకోలేదు. గురువారం పొద్దున్న ఐదింటికి తలుపు తీస్తే నాలుగు వందల పళ్లేలు. బద్దలన్నీ తడిసిన పొగాకు రంగు. బంగారు రంగులో ఉండాల్సిన పండు. కాట్రీన్ చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కాట్రీన్ మాట్లాడకుండా ఉండడం కూడా నేను ముందెప్పుడూ చూడలేదు.

మేస్త్రి ఆపోలిస్ వచ్చి ముందు పండు వాసన చూశాడు, తరువాత మీ తమ్ముడి చొక్కా వాసన చూశాడు. ముందు రోజు తింటున్నప్పుడు రసం ఒలికింది చొక్కా మీద. వైన్ వాసన వచ్చింది. ఇక చెప్పేదేముంది. చిన్న దొర వచ్చే లోపలే తోటంతా పాకిపోయింది, గంధకం మనిషి తాగి పడుకున్నాడని. ముప్పయ్యొక్క ఏళ్లలో పని దగ్గర ఒక్క చుక్క ముట్టని మనిషి.

పండు మొత్తం పందులకి పోయింది.

మమ్మల్ని నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఈ ఇల్లు గంధకం మనిషి ఇల్లు, మీరు పుట్టిన ఇల్లే, మీకు నేను చెప్పక్కర్లేదు. కాలవ పక్కన, లోపల కుళాయి, మంచి పొయ్యి. ఇలాంటిది తోటలో ఇంకొకటి లేదు. వేరే తోటల్లో అడిగి చూద్దామంటే ఆ మాట మాకంటే ముందే అక్కడికి చేరింది. యాభై ఏడేళ్ల మనిషిని, తాగి పండు పోగొట్టాడని పేరు పడ్డవాణ్ణి, ఎవరు పెట్టుకుంటారు?

అందుకని అడుగుతున్నాను. మీ పెరట్లో ఉన్న రేకుల గదిలో మేమిద్దరం కొన్నాళ్లు ఉండవచ్చా? అన్నయ్యని అడిగి రాయండి. మంచం తెస్తాం, పెనం తెస్తాం. మీకు బరువు కాకుండా చూస్తాం. అక్కడ ద్రాక్ష ప్యాకింగ్ జనవరిలో మొదలవుతుంది కదా, నేను చేస్తాను. ఆయన ఏం చేస్తాడో తెలియదు.

కాట్రీన్ మిమ్మల్ని అడిగానని రాయమంది. మీరు నాటిన నిమ్మ చెట్టు ఈసారి బాగా కాసింది. దాన్ని ఎలాగూ తేలేను.

మీ మరదలు,
లేనా

తాజా కలం: ఆదివారం, 15వ తేదీ.

పై ఉత్తరం మీ తమ్ముడి ఎదురుగా కూర్చుని రాశాను. నిద్రపోయానని రాయి, మా అక్కకి అలాగే రాయి అన్నాడు. రాశాక చదివి వినిపించమన్నాడు. వినిపించాను. బాగుంది, అంటించెయ్ అన్నాడు. నేను కవరు అంటించలేదు. ఇప్పుడు ఆయన ఎదురుగా లేడు కాబట్టి ఉన్నది రాస్తున్నాను.

ఆయన నిద్రపోలేదు. ఆయనకి వాసన తెలియదు. రెండేళ్లయింది. ఒకరోజు రొట్టె మీద కిరోసిన్ ఒలికింది, నేను చూసేలోగా ఆయన సగం తినేశాడు, మొహంలో ఏ మార్పూ లేదు. అప్పుడు తెలిసింది నాకు. అన్నేళ్ల పొగ అది. కళ్ల మంటని బట్టి తెలుసుకుందామన్నా, ఆయన కళ్లు ఇంట్లో కూర్చున్నా కారుతూనే ఉంటాయి. గంధకం గది తలుపు సందు దగ్గర వాసన చూడలేనివాడు లోపల మంట ఉందో ఆరిందో చెప్పలేడు. ఎనిమిదింటికి ఆరిందని తెలిస్తే మళ్లీ అంటించవచ్చు, పండు చెడదు. తెల్లారాక తెలిస్తే చేసేదేమీ లేదు.

అందుకే కాఫీ. ఎనిమిదింటికి కప్పుతో వెళ్లేదాన్ని. తలుపు పక్కగా నడిచి వాసన చూసేదాన్ని. మంట ఉంటే కప్పు ఆయన చేతికి ఇచ్చేదాన్ని. ఆరితే నేల మీద పెట్టేదాన్ని. ఆపోలిస్ పక్కనే నిలబడి ఉన్నా ఏమీ తెలిసేది కాదు. రెండేళ్లలో మూడుసార్లు నేల మీద పెట్టాను. ఈ సంగతి మేమిద్దరం నోటితో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

వెనిగర్ రెండింతలు ఎందుకు పోశానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పులుపు, తీపి, ఉప్పు నాలుకకి తెలుస్తాయట. మిగతాదంతా ఆయనకి మెత్తగానో గట్టిగానో ఉంటుంది, అంతే. ఆ ఒక్క పూటైనా ఆయన నాలుకకి ఏదో ఒకటి అందాలని నిలబడ్డాను. పెనం అందుకే వదల్లేదు. అమ్మ వంట వాసన పంపు దాకా కొడుతోందని ఆయన గుమ్మంలో అన్నప్పుడు నేనింకా పొయ్యి వెలిగించలేదు. కోడి పచ్చిగా గిన్నెలో ఉంది. నేను అవునన్నాను.

ఎనిమిది దాటాక గుమ్మంలోకి వచ్చి, తినడానికి రమ్మని చెయ్యి ఊపాను. నేను ముందే వచ్చి తలుపు దగ్గర చూసి వెళ్లాననుకున్నాడట. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రేపు పళ్లేలు ఎండకి పరచడంతో పని అయిపోతుంది కదా, ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఇంకొకటి. ఖాళీ చెయ్యమన్నది నిద్రపోయినందుకు కాదు. గురువారం చిన్న దొర తిట్టాడు గానీ, ముప్పయ్యొక్క ఏళ్లలో ఇది మొదటిసారి అని, గంధకం పని మాన్పించి కాలవల పని ఇచ్చాడు. వచ్చే కోత దాకా ఇంట్లోనే ఉండమన్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి మీ తమ్ముడు నాతో మొదటిసారి ఆ సంగతి నోటితో అన్నాడు. "నిద్రపోయాననే ఉండనీ లేనా. నిద్రపోయినవాడికి ఇంకోసారి చూద్దామంటారు. ముక్కు పోయినవాడికి ఎవరంటారు?" అన్నాడు. సరేనన్నాను.

శుక్రవారం సాయంత్రం కత్తులు కడిగి అప్పగించడానికి షెడ్డు దగ్గర అందరం వరసలో నిలబడ్డాం. చిన్న దొర కూడా ఉన్నాడు. నా వంతు వచ్చేసరికి ఆపోలిస్, "ఏమ్మా లేనా, మీ ఆయన లేచాడా, ఇంకా సీసా కావలించుకునే ఉన్నాడా?" అన్నాడు. వెనక ఎవరో గురక పెట్టారు. నవ్వారు. మీ తమ్ముడు బయట ఖాళీ పళ్లేలు దొంతర పెడుతున్నాడు, వినపడుతూనే ఉంటుంది. వంచిన తల ఎత్తలేదు.

నేను ఓర్చుకుని ఉండాల్సింది. ఓర్చుకోలేదు. ఆయన తాగలేదు, నిద్రపోలేదు, ఆయనకి వాసన తెలియదు అని చిన్న దొరతో అందరి ముందూ అనేశాను.

ఎప్పటి నుంచి అని అడిగాడు దొర. రెండేళ్లన్నాను. మరి ఈ రెండేళ్లూ నా పండు ఎవరు చూశారని అడిగాడు. "నేను" అన్నాను. దొర కోప్పడలేదు. కత్తి నా చేతిలోంచి తీసుకుని పెట్టెలో పెట్టి, "ఆ ఇల్లు నేను గంధకం మనిషికి ఇచ్చాను లేనా" అన్నాడు. నెలాఖరు అని ఆపోలిస్‌తో చెప్పి వెళ్లిపోయాడు.

బయటికి వచ్చేసరికి పళ్లేలు సగం దొంతర పెట్టి ఉన్నాయి. మీ తమ్ముడు లేడు. ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నిన్న ఈ ఉత్తరం రాయించేదాకా అసలు మాట్లాడలేదు.

వదినా, పైన ఇద్దరికి గది అడిగాను. ఒకరికి చాలు. ముప్పయ్యో తేదీ సోమవారం బస్సుకి వస్తాను.

ఫ్లోర్స్ ఈ పొద్దున్న ఐదింటికి పాల లారీ ఎక్కి లేడీస్మిత్ వైపు వెళ్లిపోయాడు. దుప్పటి ఒకటి తీసుకెళ్లాడు.