ఆ ముక్కు ఎవరిది?

ఏవండీ,

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ నత్తనడక నడుస్తోందని గోల పెడుతున్నారుగా, సెట్టింగులు నేనే మార్చాను. మెమరీ పెంచాను, పాత చెత్తంతా ఖాళీ చేశాను. అన్‌డూలు వెయ్యి పెట్టుకున్నారు, యాభైకి తగ్గించాను. అన్నిసార్లు వెనక్కి తీసుకునేంత తప్పులేం చేస్తున్నారు మీరు? ఒకసారి మూసి మళ్లీ తెరవండి, అప్పుడే పనిచేస్తుంది.

అసలు బరువెక్కడుందో కూడా తెలిసింది. "కరెంటు బిల్లు" అని పేరు పెట్టిన ఫైల్లో నా ఫొటో ఎందుకుంది? గడ్డం మీద మచ్చ తీసేశారు, బుగ్గలు తగ్గించారు. నన్ను మురిపించడానికేలే అని సరిపెట్టుకున్నాను.

వంట అయింది, వేడిగా ఉండగానే తినండి.

అన్నట్టు, ఆ ముక్కు నాది కాదు. ఇంకెవరి ఫొటోలోంచో కత్తిరించి అతికించారు. ఎవరిదో నేనొచ్చేలోపు గుర్తు తెచ్చుకోండి.